భోగి రోజు చిమ్నీలో అంటుకున్న మంట: ఒక కేసు పూర్తి వివరాలు

ఫిలడెల్ఫియా శివార్లలో 1970లలో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫ్యామిలీ రూమ్‌లో ఇటుక ఫైర్‌ప్లేస్, బయటి గోడను ఆనుకుని పైకి లేచిన ఇటుక చిమ్నీ. గుంటూరు వైపు కుటుంబం ఆ ఇల్లు కొనుక్కుని మూడేళ్లయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ చలికాలం భర్త తల్లిగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. చిమ్నీలు తనిఖీ చేసి శుభ్రం చేయడం నా పని. జనవరి నెలాఖరులో ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేశారు. "అన్నయ్యా, ఫైర్‌ప్లేస్ వెలిగిస్తే పొగ గదిలోకి తన్నుతోంది. గోడ దగ్గర కాలిన వాసన. మొన్న రాత్రి కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా మోగింది. ఒకసారి వచ్చి క్లీనింగ్ చేసిపెడతారా?" అన్నారు. కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషవాయువు. అలారం మాట వినగానే, నేను వచ్చి చూసేదాకా అందులో పుల్ల కూడా వెలిగించొద్దని, మళ్లీ మోగితే అందరూ బయటికి వచ్చి 911కి చేయమని చెప్పాను.

ఈ ప్రాంతంలో మనవాళ్లు కొంటున్న పాత ఇళ్లలో ఫైర్‌ప్లేస్ తరచూ కనిపిస్తుంది. మనం పెరిగిన ఇళ్లలో కట్టెల పొయ్యి ఉంది గానీ, ఇలాంటి చిమ్నీ లేదు. దాన్ని ఎలా వాడాలో, ఎప్పుడు భయపడాలో చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉండరు. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

వాళ్లు ఏమీ పట్టించుకోని మనుషులు కాదు. కిందటి శరదృతువులో కూపన్ మీద ఒకతన్ని పిలిచి చిమ్నీ శుభ్రం చేయించారు. అతను కింద నుంచి బ్రష్ వేసి, అరగంటలోపే పని ముగించి రసీదు ఇచ్చి వెళ్లాడు. కెమెరా పెట్టలేదు, పైకప్పు ఎక్కలేదు. ఇల్లు కొన్నప్పటి హోమ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కూడా తీయించి చూశాను. చిమ్నీని కంటికి కనిపించినంత మేరకే చూశామని, నిపుణుడితో లెవెల్ 2 తనిఖీ చేయించుకోమని అందులో ఒక వాక్యం ఉంది. ఇంటి కొనుగోలు ముగించే (క్లోజింగ్) హడావుడిలో దాని మీద ఎవరి దృష్టీ పడలేదు.

లెవెల్ 2 అంటే ఏమిటో చెబుతాను. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 211వ ప్రమాణం ప్రకారం చిమ్నీని ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. ఏ మార్పూ లేకుండా వాడుకుంటున్న చిమ్నీకి లెవెల్ 1 చాలు. ఇల్లు చేతులు మారినా, కట్టెల నుంచి గ్యాస్‌కి మారినా, చిమ్నీలో మంట అంటుకున్నా లెవెల్ 2 చేయాలి. అందులో పొగ వెళ్లే మార్గం మొత్తం కెమెరాతో చూడటం, అటిక్‌లోకి (పైకప్పు కింది ఖాళీ), క్రాల్ స్పేస్‌లోకి (నేల కింది ఖాళీ) వెళ్లి చిమ్నీ చుట్టూ ఉన్న చెక్కను చూడటం కూడా ఉంటాయి. బ్రష్ మసిని తీస్తుంది. లోపల ఏది పగిలిందో బ్రష్‌కి తెలియదు.

నేను వెళ్లేసరికి పెద్దావిడ ఫైర్‌ప్లేస్ ఎదురుగా సోఫాలో కూర్చుని ఉన్నారు. ఈ మధ్య ఎప్పుడైనా మంట బాగా పెద్దదయిందా అని అడిగితే ఆవిడే చెప్పారు. "భోగి మంట ఎలా ఉంటుందో పిల్లలకి చూపిద్దామనుకున్నాం బాబూ. బయటేమో మంచు. అందుకని తెల్లవారుజామున ఇందులోనే వేశాం." ఇండియన్ స్టోర్‌లో కొన్న పిడకలు, ఇంటితో పాటు వచ్చిన ఒక విరిగిన రంగు కుర్చీ, గరాజ్‌లో పేరుకుపోయిన డెలివరీ అట్టపెట్టెలు. పెట్టెలు విప్పి ఒకదాని మీద ఒకటి వేయగానే మంట పైకి ఎగిసిందట. కాసేపటికి చిమ్నీలోంచి పెద్ద హోరు వినిపించిందట, గోడ సన్నగా అదిరినట్టనిపించిందట. చిమ్నీ మీద నుంచి రవ్వలు పడుతున్నాయని ఎదురింటాయన వచ్చి తలుపు కొట్టేలోగా హోరు దానంతటదే తగ్గింది. మంట కాస్త ఎక్కువైంది, తగ్గింది అనుకుని అందరూ తలంట్లకి లేచారు.

ఆ హోరు చిమ్నీ లోపలి గోడలకు పట్టిన క్రియోసోట్, అంటే కట్టెల పొగ పేరుకుని ఏర్పడిన తారులాంటి పదార్థం, అంటుకున్న చప్పుడు. చిమ్నీ ఫైర్ అంటే ఇదే. లోపల వేడి 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లగలదు, అంటే దాదాపు 1100 సెల్సియస్. ఆ చప్పుడు వినిపిస్తే ఇల్లు ఖాళీ చేసి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. తగ్గిపోయినా సరే, వాళ్లు వచ్చి గోడల లోపల నిప్పు లేదని చూసి చెప్పాలి. చాలా చిమ్నీ మంటలు ఇంత చప్పుడు కూడా చేయవు. నెమ్మదిగా కాలి, ఇంట్లోవాళ్లకు తెలియకుండానే ఆరిపోతాయి. నష్టంలో మాత్రం తేడా ఉండదు.

పని పైకప్పు నుంచి మొదలుపెట్టాను. పైకప్పు పలకల (షింగిల్స్) మీద, గట్టర్‌లో తేలికైన నల్లటి పెచ్చులు పడి ఉన్నాయి. చిమ్నీ పైనున్న మూత (క్యాప్) వేడికి రంగు మారింది, దాని జాలీ సగం మసితో పూడుకుపోయింది. ఎత్తు సరిగానే ఉంది. చిమ్నీ పైకప్పులోంచి బయటికి వచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, పక్కన 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా కనీసం 2 అడుగులు ఎత్తుండాలి.

కిందికి దిగి మాస్క్ పెట్టుకుని డ్యాంపర్, అంటే పొగ దారిని మూసే తలుపు, చూశాను. మాస్క్ అంటే ఊరికే ధూళి ఆపే గుడ్డ కాదు, అతి సన్నటి ధూళిని కూడా ఆపే పీ100 ఫిల్టర్లున్న రెస్పిరేటర్. చిమ్నీలు తుడిచేవాళ్లకు వచ్చే క్యాన్సర్‌కి మసే కారణమని పర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్ 1775లోనే రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని మొదటగా చూపినవాళ్లలో ఆయనొకడు. ఆ రోజుల్లో ఈ గొట్టాల్లోకి చిన్నపిల్లల్ని ఎక్కించేవారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ మాస్క్ లేకుండా ఫ్లూలోకి, అంటే చిమ్నీ లోపలి పొగ గొట్టంలోకి, తల పెట్టరు.

డ్యాంపర్ పోత ఇనుప ప్లేటు. ఒక మూల పైకి వంగిపోయి, మూసినా వేలు దూరేంత సందు మిగులుతోంది. దాని పైన పొగ చేరే స్మోక్ చాంబర్ గోడలకు పట్టింది మామూలు మసి కాదు. ఉబ్బిపోయి, లోపలంతా చిల్లులతో, గుప్పెడు తీసినా బరువు తెలియని నల్లటి పదార్థం. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయింది. క్రియోసోట్ ఒకసారి కాలి పొంగితేనే ఇలా అవుతుంది. పెద్దావిడ చెప్పకపోయినా ఆ గుప్పెడు చూసి అక్కడ మంట అంటుకుందని చెప్పొచ్చు.

తర్వాత రాడ్ చివర కెమెరా బిగించి ఫ్లూలోకి ఎక్కించాను. స్క్రీన్ దగ్గర ఇంటివాళ్లిద్దర్నీ కూర్చోబెట్టాను. నేను చెబితే నమ్మడం కన్నా వాళ్లు కళ్లారా చూడటం ముఖ్యం. ఈ ఫ్లూ లోపల కాల్చిన మట్టి టైల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ఒక్కోటి 2 అడుగుల పొడవు. వేడినీ పొగనీ ఇటుకల దాకా, వాటి వెనక చెక్క దాకా పోనివ్వకుండా ఆపే లైనర్ అదే. మొదటి రెండు టైల్స్ బాగానే ఉన్నాయి. మూడోదాంట్లో కింది అంచు నుంచి పై అంచు దాకా నిలువుగా ఒక గీత. కెమెరా తల తిప్పితే ఎదురు వైపున దానికి జతగా ఇంకోటి. పైకి పోతుంటే గోడలు నల్లగా, తడి ఆరని పెయింట్ వేసినట్టు మెరుస్తున్నాయి. ఆరో టైల్‌కీ ఏడో టైల్‌కీ మధ్య అతుకులో మోర్టార్ రాలిపోయింది. ఆ సందులోంచి వెనక ఉన్న ఇటుక ఎర్రగా కనబడుతోంది. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, "అక్కడి నుంచి పొగ ఎటు పోతుందండీ?" అని అడిగారు. ఎటు సందుంటే అటు పోతుంది.

టైల్ నిలువుగా ఎందుకు పగులుతుందంటే, చిమ్నీ ఫైర్‌లో టైల్ లోపలి ముఖం నిమిషాల్లో విపరీతంగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయటి ముఖం ఇంకా చల్లగానే ఉంటుంది. మట్టికి సాగే గుణం లేదు. చలికాలం గాజు గ్లాసులో మరుగుతున్న టీ పోస్తే ఠప్పున చీలినట్టే ఇదీ చీలుతుంది. రోజువారీ మంటకి నెమ్మదిగా వేడెక్కే టైల్ దశాబ్దాలు నిలుస్తుంది. చిమ్నీ ఫైర్ ఒక్కటి చాలు దాన్ని చీల్చడానికి.

అటిక్‌లో చిమ్నీ వెనక గోడకు కొట్టిన ప్లైవుడ్ ఇటుకను తాకుతూ ఉంది. బయటి గోడ చిమ్నీకి, మంటపట్టే చెక్కకి మధ్య కనీసం 1 అంగుళం ఖాళీ ఉండాలి, ఇంటి మధ్యలోంచి పోయే చిమ్నీకైతే 2 అంగుళాలు. కట్టినప్పుడే ఆ ఖాళీ వదల్లేదు. ఆరో, ఏడో టైల్స్ అతుకు ఎదురుగా ఆ ప్లైవుడ్ ముదురు గోధుమ రంగుకి తిరిగింది. అంటుకోలేదు, బొగ్గు కాలేదు. కానీ ఏళ్ల తరబడి వేడి తిన్న చెక్క లోలోపల మారిపోయి, కొత్త చెక్క కన్నా తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. మొదటి మంట లైనర్‌ని పగలగొడుతుంది, రెండో మంట ఇల్లు కాలుస్తుంది అని మా పనిలో అంటుంటారు. ఈ ఇంట్లో మొదటిది అయిపోయింది, రెండోదానికి దారి కూడా తెరుచుకుంది. పొరబాటున కూడా ఎవరూ వెలిగించకుండా డ్యాంపర్‌కి ట్యాగ్ కట్టి, వాడకూడదని రిపోర్టులో రాసిచ్చాను.

అంత క్రియోసోట్ మూడేళ్లలో ఎలా పట్టిందన్నది తేల్చాలి. కారణం తెలియకుండా లైనర్ మార్చినా కొత్తదానికీ అదే గతి. కట్టెలు పూర్తిగా కాలకుండా వచ్చే పొగలో నీటి ఆవిరి, తారు ఆవిరులు కలిసి ఉంటాయి. ఫ్లూ గోడ సుమారు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే అవి అక్కడే పేరుకుంటాయి. మొదట పొడి మసి, అది బ్రష్‌తో పోతుంది. తర్వాత గట్టి పెచ్చులు. అదీ దాటితే మెరిసే గాజు పూత, దాన్ని గోరుతో గీకితే గీత కూడా పడదు. కూపన్ మీద వచ్చినతని బ్రష్ ఆ మెరుపు మీద జారిపోయి ఉంటుంది. మామూలు ఇటుక ఫైర్‌ప్లేస్‌లో మసి 1/8 అంగుళం మందం పట్టేసరికి శుభ్రం చేయించాలని చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా చెబుతుంది. మెరిసే పూత కనిపిస్తే ఎంత పల్చగా ఉన్నా ఆగకూడదు.

డెక్ మీద టార్పాలిన్ కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. అమ్మినవాడు ఎండు కట్టెలనే చెప్పాడట. ఒక దుంగని చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మీద తేమ మీటర్ గుచ్చితే 30 శాతం దాటింది. 20 శాతం లోపు ఉండాలి. పైపైన గుచ్చితే తక్కువ చూపిస్తుంది, అందుకే చీల్చి చూడాలి. అలా తడిసిన కట్టె తన వేడిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. దానికి తోడు గది వేడి పోకుండా గాజు తలుపులు సగం మూసి, సన్నగా కుతకుతలాడే మంట పెట్టేవారు. చిమ్నీ మూడు వైపులా బయటి చలికి ఎదురుగా ఉంది. తడి కట్టె, మందకొడి మంట, చల్లటి గొట్టం. క్రియోసోట్‌కి ఇంకేం కావాలి?

పొగ గదిలోకి తన్నడం మాత్రం వేరే కథ. ఫైర్‌ప్లేస్ నోటికి ఫ్లూ చిన్నదైతే అలా జరుగుతుందని ముందు కొలిచాను. నోరు 36 అంగుళాల వెడల్పు, 28 ఎత్తు, అంటే 1008 చదరపు అంగుళాలు. చతురస్రపు ఫ్లూ వైశాల్యం ఇందులో పదో వంతు ఉండాలి, అంటే దాదాపు 101. ఈ టైల్స్ లోపలి వైశాల్యం సుమారు 126. కొలతల్లో లోపం లేదు. సగం పూడిన జాలీ వల్ల కొంత ఇబ్బంది నిజమే, కానీ రోజూ కాకుండా కొన్ని సాయంత్రాలే పొగ వస్తోందని వాళ్లు చెప్పడంతో నా చూపు వంటింటి మీదికి వెళ్లింది. పోపు ఘాటు ఇల్లంతా పట్టకుండా పొయ్యి మీద 900 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) రేంజ్ హుడ్ పెట్టించుకున్నారు. అంటే అది నిమిషానికి 25 ఘనపు మీటర్ల గాలిని బయటికి తోడేస్తుంది. అంత గాలి లోపలికి ఎక్కడి నుంచో రావాలి. కిటికీలన్నీ మూసి ఉన్న ఇంట్లో దానికి తేలికగా దొరికే దారి చిమ్నీయే.

వాళ్ల పూజ గదిలోంచి ఒక అగరబత్తి అడిగి తీసుకున్నాను. హుడ్ ఆపి, వెలిగించిన అగరబత్తిని ఫైర్‌ప్లేస్ నోటి దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి వంగి పైకి పోయింది. హుడ్ ఫుల్‌లో పెట్టమన్నాను. పొగ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నా మొహం మీదికి వచ్చింది. సింక్ పక్కన కిటికీ కాస్త తెరిస్తే మళ్లీ లోపలికి తిరిగింది. పెద్దావిడ అది చూసి, "అయితే నా పులిహోర పోపే ఈ పొగ తెచ్చిందన్నమాట" అన్నారు. అలారం మోగిన రాత్రి జరిగింది కూడా సరిగ్గా ఇదే. మంట తగ్గి నిప్పులు మిగిలాక పొగ కనిపించదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం బాగా వస్తుంది, చిమ్నీ లాగే శక్తీ తగ్గిపోతుంది. ఆ టైమ్‌లో హుడ్ వేశారు. ఇళ్లలో పెట్టే అలారాలు 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 70) దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా తయారవుతాయి. అంటే అది మోగేసరికి ఇంట్లోవాళ్లు ఆ గాలి చాలాసేపు పీల్చి ఉండొచ్చు. తలనొప్పి, వికారం ఉంటే అలారం కోసం ఎదురుచూడొద్దు. 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కి బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా గృహ నిర్మాణ కోడ్ అడుగుతుంది. ఈ ఇంట్లో అది లేదు. మన ఇళ్లలో పెద్ద హుడ్లు మామూలే కాబట్టి, ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్లు ఈ అగరబత్తి పరీక్ష ఈ రోజే చేసి చూసుకోండి.

బూడిద ఏం చేస్తున్నారని అడిగితే గరాజ్‌లోకి తీసుకెళ్లారు. గోడ పక్కన ప్లాస్టిక్ బకెట్, దాని నిండా బూడిద. ఊళ్లో కట్టెల బూడిదని గిన్నెలు తోమడానికీ, మొక్కలకీ వాడే అలవాటుతో ఆవిడ దాచారు. బూడిద కింద నిప్పు కణిక రోజుల తరబడి బతికి ఉండగలదు. "అమ్మా, ఇది ఇనుప డబ్బాలో, గట్టి మూతతో, ఇంటికీ డెక్‌కీ దూరంగా బయట పెట్టాలి" అని చెప్పాను. ఆ బకెట్‌లో ఉన్నది మొక్కలకి కూడా వద్దన్నాను, ఎందుకంటే అందులో రంగు కుర్చీ బూడిద కలిసింది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన చెక్క కాలిస్తే ఆ సీసం పొగలోనూ బూడిదలోనూ ఉండొచ్చు. అరుగులకీ కంచెలకీ వాడిన పాత ట్రీటెడ్ కలపలో ఆర్సెనిక్ ఉంటుంది, దాన్ని ఎక్కడా కాల్చకూడదు. భోగి అంటే పాతవి తెచ్చి మంటల్లో వేసే పండగ, ఫైర్‌ప్లేస్ అంటే ఎండు కట్టె తప్ప ఏదీ వేయకూడని చోటు. ఆ రెండూ కలవవు. వచ్చే ఏడాది పెరట్లో ఫైర్ పిట్‌లో, టౌన్‌షిప్ నిబంధనలు కనుక్కుని, ఎండు కట్టెలతో పిడకలతో వేసుకుంటామన్నారు.

ఏం చేయాలన్న దాని మీద రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాం. కట్టెల ఫైర్‌ప్లేస్‌గానే ఉంచాలంటే పాత టైల్స్ పగలగొట్టి తీసి, ఇన్సులేషన్ చుట్టిన 12 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ దించాలి. టైల్స్ ఉండగా అది పట్టదు. ఖర్చు ఎక్కువ, హుడ్ గొడవ అలాగే ఉంటుంది. ఫైర్‌ప్లేస్‌లో అమర్చే మూసి ఉన్న పొయ్యి, అంటే కట్టెల ఇన్సర్ట్ అయితే 6 అంగుళాల లైనర్ చాలు, పాత టైల్స్ లోపలే పడుతుంది, వేడి కూడా బాగా ఇస్తుంది. కానీ దానికి ఎండు కట్టె కచ్చితంగా కావాలి, ఏడాది ముందే కొని ఎండబెట్టుకునే ఓపిక ఉండాలి. మూడోది సీల్డ్ డైరెక్ట్ వెంట్ గ్యాస్ ఇన్సర్ట్. రెండు సన్నటి గొట్టాలు పాత ఫ్లూలోంచి పైదాకా వెళ్తాయి, ఒకటి మంటకి కావాల్సిన గాలిని బయటి నుంచి తెస్తుంది, రెండోది కాలిన వాయువులను బయటికి పంపుతుంది. గది గాలితో దానికి సంబంధం లేదు కాబట్టి హుడ్ దాన్ని వెనక్కి లాగలేదు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంటికి నా ఓటు దీనికే అన్నాను. కట్టెల మంట పోతోందని పెద్దావిడకు కొంచెం బాధగా ఉంది. అది నాకూ అర్థమైంది, నాకు కూడా కట్టెల మంటే ఇష్టం. చివరికి గ్యాస్‌కే మొగ్గారు.

ఏ గొట్టం దించాలన్నా ముందు క్రియోసోట్ పోవాలి. పొడి మందు చల్లి మంట పెట్టి దాన్ని పెళుసు చేసే పద్ధతి ఇక్కడ కుదరదు, వెలిగించడమే నిషేధం కదా. అందుకని గోడలకు పూత పూసే రకం మందు వాడాం. అది ఆరే కొద్దీ క్రియోసోట్‌ని తనలోకి లాగి, గోడ నుంచి విడిపోతుంది. తర్వాత రోటరీ బ్రష్, గదిలో హెపా ఫిల్టర్ వాక్యూమ్, ఫైర్‌ప్లేస్ నోటికి ప్లాస్టిక్ తెర. పగిలిన టైల్‌కి ఇంకా దెబ్బ తగలకుండా గొలుసు ఉన్న హెడ్ వాడలేదు. అటిక్‌లో ప్లైవుడ్ కోయించి ఖాళీ వదిలి, మంటపట్టని రేకుతో మూయించాం. హుడ్‌కి దానితో పాటే తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే మేకప్ ఎయిర్ డ్యాంపర్ పెట్టించారు. ప్రతి అంతస్తులో, పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొత్తవి.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. ఏళ్ల అరుగుదలకి పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు, హఠాత్తుగా జరిగిన చిమ్నీ ఫైర్ నష్టానికి ఇచ్చే అవకాశం ఉంది. తేడా చూపించేది కెమెరా వీడియో, తేదీ ఉన్న ఫోటోలు, షింగిల్స్ మీద పెచ్చులు. అందుకే ఏదీ తుడవకముందే అన్నీ తీసి పెట్టాను. ఎవర్ని పిలిచినా పని మొదలయ్యే ముందు వీడియో, పని అయ్యాక వీడియో అడిగి తీసుకోండి.

అన్నీ బిగించాక హుడ్ ఫుల్‌లో పెట్టి, ఇన్సర్ట్ వెలిగించి, గదిలో మీటర్‌తో చూశాం. కార్బన్ మోనాక్సైడ్ సున్నా. గాజు ముందు రక్షణ జాలీ తీయొద్దని పిల్లలకి విడిగా చెప్పాను, ఆ గాజు చర్మం కాలేంత వేడెక్కుతుంది. గ్యాస్ కదా ఇక చూడక్కర్లేదేమో అని ఆయన అడిగారు. ఏడాదికోసారి చూడాలి. గొట్టాల అతుకులు వదులవుతాయి, పైన గొట్టాల చివర టెర్మినల్‌లో సాలెపురుగులు, పక్షులు గూళ్లు పెడతాయి. వేసవిలో చిమ్నీల్లో గూడు కట్టే చిమ్నీ స్విఫ్ట్ పక్షులకి 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది. గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా గూడు కదపకూడదు. అందుకని ఈ ఇంటి తనిఖీ ఏటా అక్టోబరులో పెట్టుకున్నాం.